బళ్ళో నెట్టు, ట్యాబు, ప్యానలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

బడికి నెట్ లైను వచ్చిన దగ్గర్నుంచి టీచర్లు, హెడ్‌మాస్టర్లు, తల్లిదండ్రులు అవే సందేహాలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## లైను తీసుకునే ముందు

బడికి ఎంత స్పీడు నెట్ కావాలి? 100 ఎంబీపీఎస్ లేకపోతే కుదరదంటున్నారు, నిజమేనా?

చాలా బళ్ళకు అంత అక్కర్లేదు. ఒక ప్యానల్‌లో (గోడకు బిగించే పెద్ద టచ్ తెర) 720పీ, అంటే మామూలు నాణ్యత వీడియో ఆగకుండా ఆడాలంటే 3 ఎంబీపీఎస్ చాలు. ఐదు గదుల్లో ఒకేసారి పెట్టినా 15. ఆఫీసు పనికి ఇంకో 5 వేసుకోండి. లెక్క తప్పేది ట్యాబుల దగ్గర. ముప్పై మంది పిల్లలు ఎవరి వీడియో వాళ్ళు నెట్‌లోంచే చూస్తే 60 దాటిపోతుంది. అదే వీడియోను ముందురోజే దించి ట్యాబుల్లో వేసి ఉంచితే క్లాసులో నెట్ ఖర్చు సున్నా. అలా చేసుకునే హైస్కూలుకు 40 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది.

స్పీడు కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. నెలకు ఎన్ని జీబీలు దాటితే స్పీడు తగ్గిస్తారు, తగ్గించాక ఎంత ఇస్తారు అనేది మొదటిది. నెలాఖరులోనే నెట్ నెమ్మదిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెండోది అప్‌లోడ్ స్పీడు. హాజరు, ఫోటోలు, మార్కులు అన్నీ బడి నుంచి పైకి పోవాల్సినవే. ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలు దిగుతాయో తెలుస్తుంది. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ. 600 ఎంబీల పాఠం దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఫైబర్ తీసుకోవాలా, సిమ్ వేసే రౌటర్ చాలా?

ఫైబర్ వచ్చే ఊరైతే ఫైబరే తీసుకోండి. సిమ్ రౌటర్‌ను రెండో దారిగా ఉంచుకోండి. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే పోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వచ్చి స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు నెట్ కూడా పోతుంది. అది తిరిగి వచ్చేదాకా ఆఫీసు పని సిమ్ మీద నడుస్తుంది.

సిమ్ కొనే ముందు మూడు కంపెనీల ఫోన్లు తీసుకుని, రౌటర్ పెట్టబోయే గదిలోనే ఉదయం పదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి చూడండి. గీతలు నమ్మొద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' తెరిచి, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ అంకె చూడండి. మైనస్ 90 దగ్గరుంటే బాగుంది. మైనస్ 105 అయితే వీడియో ఆగి ఆగి వస్తుంది. మైనస్ 115 దాటితే ఆ కంపెనీని వదిలేయండి. ఉదయగిరి, పామూరు వైపు కొండ చాటు ఊళ్ళలో ఒకే బడిలో తూర్పు గదికీ పడమటి గదికీ పదిహేను అంకెల తేడా ఉండొచ్చు. రౌటర్‌ను టవర్ వైపున్న కిటికీ దగ్గర, వీలైతే పై అంతస్తులో పెట్టండి.

రౌటర్ హెడ్‌మాస్టర్ గదిలో ఉంది. చివరి గదికి వైఫై అందట్లేదు. ఎక్స్‌టెండర్ కొంటే సరిపోద్దా?

వద్దు. మామూలు ఎక్స్‌టెండర్ అందుకున్న సిగ్నల్‌నే మళ్ళీ పంచుతుంది కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. క్యాట్ 6 కేబుల్ లాగి, ఆ చివర యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టించండి. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. వరండాలో లాగితే పీవీసీ పైపులో పోనివ్వండి, లేదంటే ఎండకు పైతోలు పగిలిపోతుంది. రెండు వేర్వేరు భవనాల మధ్య రాగి కేబుల్ వేస్తే పిడుగు పడ్డప్పుడు రెండు వైపులా పరికరాలు పోతాయి. అక్కడ ఫైబర్ ముక్క వేయించడమే క్షేమం.

ఇళ్ళలో వాడే చిన్న రౌటర్‌కు పాతిక ట్యాబులు తగిలిస్తే దూరం లేకపోయినా చతికిలపడుతుంది. అది దాని శక్తికి మించిన పని, లైను తప్పు కాదు.

కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇన్వర్టర్ ఎంతది పెట్టాలి?

ముందు ప్యానల్ వెనక అంటించిన చీటీ మీద వాట్లు చూడండి. 65, 75 అంగుళాల ప్యానళ్ళు సాధారణంగా 150 నుంచి 250 వాట్ల మధ్య తింటాయి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటి కాగితం మీద 1,800 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేదీ, అడుగంటా వాడకూడనిదీ తీసేస్తే చేతికొచ్చేది వెయ్యి చిల్లర. 200 వాట్ల ప్యానల్ ఒక్కటే అయితే ఐదు గంటలు వస్తుంది. దానికి 75 వాట్ల ఫ్యాన్లు రెండు తోడైతే మూడు గంటలే.

రౌటర్‌ను మరిచిపోతుంటారు. కరెంటు రెప్పపాటు పోయినా రౌటర్ మళ్ళీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పీరియడ్‌లో నాలుగు సార్లు అట్లా అయితే పాఠం పోయినట్టే. రౌటర్లకోసమే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు సరిచూసి కొనండి.

ఎర్తింగ్ కూడా చూపించండి. మెట్టలో వేసవికి నేల ఎండిపోయి ఎర్త్ పనిచేయడం మానేస్తుంది. ఎర్త్ గుంతలో వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయించడం అటెండరుకు అప్పజెప్పదగిన పని.

మా ఊరికి అసలు నెట్టే రాదు. మేము ఏం చేసేది?

నెట్ ఉన్న చోట దించుకుని రావడమే. ఇది రాజీ పని కాదు. నెట్ ఉన్న బళ్ళు కూడా ఇట్లాగే చేస్తే మేలు. మండల కేంద్రానికి వెళ్ళినప్పుడు, బడి పాఠాలుండే ప్రభుత్వ దీక్ష యాప్‌లో వచ్చే వారానికి కావాల్సిన పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అవి తర్వాత నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. సైన్సు, లెక్కలకు ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద మార్చి చూసే ప్రయోగాలు) ఉచితం. ఒక్కోటి ఒక్కో ఫైలుగా దిగుతుంది, బ్రౌజర్‌లో నెట్ లేకుండా నడుస్తుంది. వాటిలో చాలావాటికి తెలుగు అనువాదం కూడా ఉంది.

ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులో కొలిబ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, పాఠాలు నింపి, మామూలు రౌటర్‌కు తగిలించండి. బయటి నెట్ లేకపోయినా ఆ వైఫైలో ఉన్న ట్యాబులన్నీ బ్రౌజర్‌లోంచి ఆ పాఠాలు తెరుస్తాయి.

పెన్‌డ్రైవ్ దగ్గర ఒక చిక్కు. 4 జీబీ దాటిన ఫైలు కాపీ కావట్లేదంటే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందని అర్థం. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది, కానీ కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. వాటికోసం వీడియోను ముక్కలు చేసుకోవడమే దారి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ముందు వేరేచోట దాచుకోండి.

## తరగతి గదిలో

ప్యానల్ వచ్చినాక నల్లబల్లతో పనేముంది?

చాలా ఉంది. లెక్క ఒక్కో మెట్టూ రాస్తూ పోయేటప్పుడు పిల్లవాడి చేయి టీచరు చేతి వేగంతోనే కదులుతుంది, అక్కడ బల్ల ముందు ప్యానల్ నిలవదు. కంటికి కనపడనిది, కదిలేది, మార్చి చూడాల్సినది ఉంటే ప్యానల్ తీయండి. గుండెలో రక్తం నడక, చంద్రకళలు, గ్రాఫులో ఒక అంకె మారిస్తే గీత ఎటు వాలుతుందో చూడటం లాంటివి. 45 నిమిషాల పీరియడ్‌లో తెర ఎనిమిది, పది నిమిషాలు వెలిగితే చాలు.

వీడియో పెడితే పిలకాయలు గమ్మున చూస్తారు. ఆపి అడిగితే ఒక్కరూ నోరు తెరవరు. ఎందుకట్టా?

చూడటం తేలిక, ఆలోచించడం కష్టం. వీడియో సాఫీగా పోయేకొద్దీ "అర్థమైంది" అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం. గది నిశ్శబ్దంగా ఉండటాన్ని శ్రద్ధగా లెక్కేసుకోవద్దు.

వీడియో మొదలుపెట్టే ముందే ప్రశ్న వేయండి. ఓమ్ నియమం చెబుతున్నారనుకుందాం. తెర మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు పెట్టి, "ఇంకో బల్బు వరసలో కలిపితే మొదటి బల్బు వెలుగు పెరుగుద్దా, తగ్గుద్దా, అట్టాగే ఉంటుందా?" అని అడగండి. ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో ఒక జవాబు రాయాలి, రాశాక కొట్టేయకూడదు. చేతులెత్తించి మూడు జవాబులకూ ఎంతమందో బల్ల మీద వేయండి. అప్పుడు బల్బు కలపండి. తమ ఊహ తప్పిన పిల్లలు కుర్చీ అంచుకు వస్తారు. "ఎందుకు తగ్గింది" అనే మాట వాళ్ళ నోటి నుంచే రానివ్వండి. ఆ తర్వాత "సమాంతరంగా కలిపితే?" అని మళ్ళీ అదే పని.

మూడు నిమిషాల వీడియోకు కనీసం రెండు ఆపులు ఉండాలి. ఎక్కడ ఆపాలో ముందురోజు చూసుకుని నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల వీడియోను ఆపకుండా వేసే బదులు దాన్ని అసలు వేయకపోవడం నయం. చివర్లో రెండు నిమిషాలు తెర ఆర్పి, చూసింది నాలుగు వాక్యాల్లో రాయించండి. పాఠం ఎక్కిందో లేదో ఆ నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది.

మా పిల్లలకు ఇంగ్లీషు వీడియో అందదు. తెలుగులో మంచివి దొరకవు. ఏది పెట్టేది?

బొమ్మ బాగున్న ఇంగ్లీషు వీడియో తీసుకుని గొంతు తీసేయండి. మాట మీది, బొమ్మ వాళ్ళది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, పక్క పేజీ ఇంగ్లీషులో వస్తున్నాయి కాబట్టి పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ బల్ల మీద ఓ మూల రాసి ఉంచండి. కిరణజన్య సంయోగక్రియ పక్కనే ఫొటోసింథసిస్ కనపడుతుంటే, పైతరగతికి వెళ్ళాక పిల్లవాడు తడబడడు. వీడియో కింద దానంతటదే తెలుగు అక్షరాలు వేసే సౌకర్యాన్ని నమ్ముకోవద్దు, అది సైన్సు పదాలను తరచూ చెడగొడుతుంది.

పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఏమీ రావట్లేదు. కోడ్ తప్పా?

ఫోన్ కెమెరాతో కాకుండా దీక్ష యాప్ లోపలున్న స్కాన్ గుర్తుతో చూడండి. 2017లో మొదలైన ఈ యాప్‌లో రాష్ట్రం, మాధ్యమం, తరగతి సరిగా ఎంచుకుని ఉండాలి. పుస్తకానికి వేసిన ప్లాస్టిక్ అట్ట మెరుపు అడ్డుపడుతుంటే కొంచెం వాలుగా పట్టండి. కోడ్ కింద ఆరు అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిని వెతికే గడిలో టైపు చేసినా అదే పాఠం వస్తుంది. సిలబస్ మారిన తరగతుల పాత పుస్తకాల కోడ్‌లు పాత పాఠాల దగ్గరికే తీసుకుపోతాయి, ముద్రణ సంవత్సరం చూసుకోండి.

పాత ప్రశ్నపత్రాలు ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎట్టా సరిచేయాలి?

అవి అను ఫాంట్లలో టైపు చేసినవై ఉంటాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను గీస్తాయి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరవగానే అసలు రంగు బయటపడుతుంది. రెండు దారులున్నాయి. ఫాంట్ ఉన్న పాత కంప్యూటర్‌లోంచి పీడీఎఫ్ తీస్తే ఎక్కడైనా కనపడుతుంది, కానీ దిద్దడం, వెతకడం కుదరదు. మళ్ళీ మళ్ళీ వాడుకునేవాటిని యూనికోడ్‌కు (ఏ ఫోన్‌లోనైనా తెలుగు కనపడే పద్ధతి) మార్చే కన్వర్టర్‌లో వేయండి. మార్చాక వత్తులు, క్రారవడి, సున్నాలు ఒక్కో పంక్తీ చదివి సరిచూడాలి, అక్కడే తప్పులు దొర్లుతాయి.

ఇకమీదట యూనికోడ్‌లోనే రాయండి. టైపింగ్ రానివాళ్ళకు ఫోన్ కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి చెబితే తెలుగు బాగానే పడుతుంది. నెమ్మదిగా, వాక్యానికొకసారి ఆపుతూ చెప్పాలి.

చాట్‌జీపీటీతో పాఠ్యపథకం, ప్రశ్నపత్రం చేయించుకోవచ్చా? పిల్లలు హోంవర్క్ దాంతోనే రాసేస్తే?

చిత్తుప్రతికి పనికొస్తుంది. ఒకే లెక్కను అంకెలు మార్చి ఇరవై రకాలుగా అడగమనండి, తేలిక నుంచి కష్టానికి వరస పెట్టమనండి. అది బాగా చేస్తుంది. జవాబులు మాత్రం మీరే చేసి చూసుకోవాలి. తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెప్పడం దాని స్వభావం. మన పాఠ్యపుస్తకంలోని తెలుగు పదం బదులు వేరే పదం వాడేస్తుంది. స్థానిక విషయాలు అడిగితే పెన్నా ఒడ్డున లేని ఊరిని కూడా ఒడ్డుకు చేర్చగలదు. పిల్లల పేర్లు, మార్కులు, ఆధార్ అంకెలు అందులో వేయొద్దు.

13 ఏళ్ళ లోపు పిల్లలకు ఆ సేవ లేదు. 18 లోపు వాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని కంపెనీ నిబంధనలే చెబుతున్నాయి. హోంవర్క్ సంగతికొస్తే, దొంగను పట్టే సాఫ్ట్‌వేర్లు నమ్మదగ్గవి కావు, తెలుగులో మరీను. రాసుకొచ్చిన దాంట్లోంచి ఒక వాక్యం చూపించి "ఇది వివరించు" అని రెండు నిమిషాలు అడగండి. చాలు.

## ఇంటి దగ్గర

ఇంట్లో ఫోను ఒక్కటే. వాళ్ళ నాన్న పనికి తీసుకుపోతాడు. పిల్ల హోంవర్క్ ఎట్టా చేసేది?

ఫోన్ లేకపోతే చేయలేని హోంవర్క్ ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం చాలా గొడవలు తప్పిస్తుంది. జూన్‌లోనే క్లాసు మొత్తాన్ని అడిగి నాలుగు గళ్ళ పట్టీ రాసుకోండి: ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా, ఎవరి దగ్గర ఉంటుంది, ఏ గంటలో పిల్ల చేతికొస్తుంది, డేటా ఉంటుందా. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల కాపలాకు వెళ్ళే ఇంట్లో ఫోన్ రాత్రంతా గుంట గట్టు మీదే ఉంటుంది. పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లోనూ అంతే. యానాది కాలనీల్లో కొన్ని ఇళ్ళకు స్మార్ట్‌ఫోనే ఉండదు. ఆ పిల్లలు వెనకబడితే తప్పు వాళ్ళది కాదు, ఆ పని ఇచ్చిన తీరుది.

పంపాల్సిందేదైనా ఉంటే వీడియో కాకుండా గొంతు పంపండి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ అర ఎంబీ లోపే ఉంటుంది. 720పీ వీడియో గంట చూస్తే ఒక జీబీ, అంటే చాలామంది వేసుకునే రోజువారీ ప్యాక్‌లో సగానికి పైనే పోతుంది. ఫోన్ లేని పిల్లను పక్కింటి పిల్లతో జత చేయండి. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్య చానళ్ళు నెట్ లేకుండా, నెలవారీ ఖర్చు లేకుండా వస్తాయి.

క్లాసు వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు, రాజకీయాలు తప్ప పని విషయం కనపడట్లేదు. ఏం చేయాలి?

గ్రూప్ సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి, ఆ గోల నిమిషంలో ఆగిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. గ్రూపులో ప్రతి తల్లి నంబరూ అందరికీ కనపడుతుంది. వద్దనుకుంటే కమ్యూనిటీ పెట్టి దాని ప్రకటనల విభాగంలోంచి పంపండి, అక్కడ సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనపడవు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా వాడొచ్చు కానీ మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్ళకే అది చేరుతుంది.

మార్కులు, ఫీజు బాకీలు, పిల్లల తప్పులు గ్రూపులో పెట్టకండి. అవి ఫోన్ చేసి చెప్పాల్సినవి.

వలస పోయిన ఇళ్ళ పిల్లలను ఫోన్ ద్వారా చదివించొచ్చా?

చదివించడం కష్టం, చదువుతో తెగిపోకుండా చూడొచ్చు. మెట్ట మండలాల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు, హైదరాబాదు, బెంగళూరు కట్టడాల పనులకు వెళ్ళే ఇళ్ళలో పిల్లలు నెలల తరబడి కనపడరు. వెళ్ళేటప్పుడే పాఠ్యపుస్తకాలు సంచిలో పెట్టించండి. వారానికొకసారి, తల్లిదండ్రులు పని నుంచి వచ్చాక, పది నిమిషాల మామూలు కాల్ చేయండి. ఒక పేరా చదివించుకోండి, రెండు లెక్కలు నోటితో చేయించండి. బడి రికార్డులో పిల్లకుండే 11 అంకెల పెన్ నంబరు కాగితం మీద రాసి తల్లి చేతికివ్వండి. వెళ్ళిన ఊళ్ళో బళ్ళో చేరితే, ఆ నంబరు, పుట్టినతేదీతో యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పిల్ల వివరాలు అక్కడికి తెచ్చుకోగలరు.

రోజుకు ఎంతసేపు తెర చూడనివ్వొచ్చు?

ఆన్‌లైన్ క్లాసులకోసం కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండు మించకూడదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు మించకూడదు. ఒకటో తరగతికి ముందున్న చిన్నపిల్లలకు అరగంట. దీనికి పైన ఇంట్లో చూసే రీళ్ళు వేరే లెక్క కాదు, కంటికి రెండూ ఒకటే. నిద్రకు గంట ముందు ఆపించండి. ఛార్జర్ పిల్లల పడకగదిలో కాక నడవలో ఉంచితే సగం తగాదాలు ఉండవు.

ఎవరో మా అమ్మాయి ఫోటో మార్చేసి పంపుతూ బెదిరిస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు అమ్మాయిని తిట్టకండి. ఫోన్ లాక్కోవద్దు, ఏదీ చెరిపేయొద్దు. మెసేజ్‌లు, నంబరు, ఖాతా పేరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌లో దాచండి. ఆ మార్చిన ఫోటోను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, సలహాకోసం కూడా. డబ్బు ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు, ఇవ్వొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే కాల్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల సహాయానికి 1098.

సంగతి టీచరుకు తెలిస్తే గుట్టుగా సర్దుబాటు చేసే వీలు లేదు. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే శిక్ష ఉంది.

## హాజరు, రికార్డులు

యాప్‌లు నింపడానికే పొద్దు పోతోంది. పాఠం ఎప్పుడు చెప్పేది?

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. టీచరు సిగ్నల్ కోసం గేటు దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడి, లోపల క్లాసు ఖాళీగా ఉంటే దాన్ని డిజిటల్ బడి అనలేం. యాప్‌ల సంఖ్య బడి చేతిలో లేదు కానీ పని పంచుకునే తీరు చేతిలోనే ఉంది. హాజరు ముందు కాగితం మీద తీసుకోండి. ఒక టీచరు మొదటి పీరియడ్ ఖాళీగా పెట్టుకుని అందరివీ ఎక్కిస్తే, మిగతా వాళ్ళు క్లాసుల్లోకి పోతారు. ఆ పని వారానికొకరికి మారాలి. నెట్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపే సౌకర్యం ఆ యాప్‌లో ఉందో లేదో ముందే తేల్చుకోండి. సర్వర్ మొరాయిస్తే సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, తర్వాత సంజాయిషీ అడిగితే అదే ఆధారం.

యూడైస్, పెన్, అపార్... ఇన్ని నంబర్లేంది?

యూడైస్ బడిది, 11 అంకెలు. పెన్ పిల్లవాడిది, 11 అంకెలు, బడి రికార్డులో ఉంటుంది. అపార్ కూడా పిల్లవాడిదే, 12 అంకెలు, తల్లిదండ్రుల సమ్మతితో ఇచ్చేది. ఆధార్‌లో, బడి రిజిస్టరులో పేరు, పుట్టినతేదీ ఒక అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం వల్లే అపార్ నంబర్లు చాలావరకు ఆగిపోతాయి.

పదో తరగతి హాల్‌టికెట్టు, ఫలితాలు వాట్సాప్‌లో వస్తాయంటున్నారు. నమ్మొచ్చా?

వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర సేవ నంబరు 95523 00009. దానికి మీరే మెసేజ్ పెట్టి విద్యా సేవలు ఎంచుకోవాలి. వేరే నంబరు నుంచి "మీ ఫలితం చూడండి" అని లింకో, ఏపీకే (ఫోన్‌లో యాప్ ఎక్కించే) ఫైలో వస్తే తెరవొద్దు. అది ఫోన్‌లోని బ్యాంకు వివరాలకోసం వేసిన గాలం.

## పాడైనప్పుడు

ఎవరూ తాకకుండానే ప్యానల్ దానంతట అదే నొక్కుకుంటోంది. దెయ్యం పట్టిందంటున్నారు పిలకాయలు!

దెయ్యం కాదు, సుద్దపొడి. ఎక్కువ ప్యానళ్ళలో తెర చుట్టూ ఉన్న చట్రంలోంచి కంటికి కనపడని కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వేలు వాటికి అడ్డొచ్చిన చోటే తాకినట్టు లెక్క. చట్రం లోపలి అంచున సుద్దపొడి పేరుకున్నా, పురుగు వాలినా, టేపు ముక్క అంటుకున్నా దాన్ని వేలు అనుకుంటుంది. నేరుగా ఎండ పడ్డా ఇదే తంతు. ప్యానల్ ఆర్పి, ప్లగ్గు తీసి, పొడి మెత్తటి గుడ్డతో నాలుగు అంచులూ లోపలి వైపు తుడవండి. కిటికీకి తెర కట్టండి. ద్రావణాలు తెర మీద నేరుగా చల్లకండి, కిందికి జారి చట్రంలోకి దిగుతాయి. ప్యానల్ ఉన్న గోడ పక్కనే నల్లబల్ల ఉంటే పొడి రాలని సుద్ద వాడండి, డస్టర్‌ను బయట దులపండి.

ఫైబర్ పెట్టెలో ఎర్రలైటు వెలుగుతోంది. ఏం చేయాలి?

ఎల్‌ఓఎస్ అని రాసున్న దగ్గర ఎర్రగా ఉంటే వెలుగు అందట్లేదని అర్థం, తీగ ఎక్కడో తెగింది లేదా మడతపడింది. పెట్టె వెనక సన్న తీగ బల్ల కింద నలిగిందేమో, కనెక్టర్ వదులైందేమో చూడండి. తీగ చివరను కంటి దగ్గర పెట్టుకోవద్దు, చొక్కా కొసతో తుడవొద్దు. అంతకుమించి బడిలో చేయగలిగింది లేదు, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఎర్రలైటు లేకుండా, పాన్ లైటు (లైను అందుతోందని చూపేది) నిలకడగా ఉండి కూడా నెట్ రాకపోతే మాత్రం తీగ బాగానే ఉంది. బిల్లు కట్టారా లేదా చూడండి.

ట్యాబ్ వెనక ఉబ్బింది, కానీ పనిచేస్తోంది. వాడొచ్చా?

వద్దు. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి మూయొద్దు, పిల్ల సంచిలో ఉంచొద్దు. ఇనప పెట్టెలోనో సిమెంటు నేల మీదో, కాలేవాటికి దూరంగా ఉంచి సర్వీసుకు పంపండి. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ఇచ్చిన మొదటి విడత ట్యాబుల బ్యాటరీలకు వయసు మీదపడింది. వాటిని నెలకోసారి చదునైన బల్ల మీద పెట్టి ఊగుతున్నాయేమో చూడండి.

సెలవుల్లో ట్యాబులు, ప్యానళ్ళు ఎట్టా దాచాలి?

ట్యాబులను నిండుగానూ ఖాళీగానూ కాక సగం ఛార్జింగ్‌లో పూర్తిగా ఆఫ్ చేసి, ఒకదాని మీద ఒకటి కాకుండా నిలువుగా పెట్టండి. రేకుల గదిలో పెట్టకండి, మే నెల వేడికి బ్యాటరీ చెడుతుంది. నెల దాటితే ఒకసారి తీసి మళ్ళీ సగానికి ఎక్కించండి. ప్యానల్, రౌటర్, ఇన్వర్టర్ల ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే పిడుగు ఆగదు. సముద్రపు గాలి తగిలే తీర గ్రామాల బళ్ళలో పోర్టులు పచ్చబడకుండా మూతలు పెట్టి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి. జూన్‌లో బడి తెరవడానికి రెండు రోజుల ముందే అన్నీ ఆన్ చేసి అప్‌డేట్లు కానివ్వండి. మొదటి రోజు ముప్పై ట్యాబులూ ఒకేసారి అప్‌డేట్ అడిగితే ఆ రోజు ఇంకే పనికీ నెట్ మిగలదు.